వాడిన కుండీ మొక్కకు ముందు వేరు చూడాలి

వాడి వేలాడుతున్న మొక్క కనబడగానే ఎవరమైనా ముందు చెంబుతో నీళ్లు తెచ్చి పోస్తాం. రెండు రోజులైనా తేరుకోకపోతే గుప్పెడు ఎరువు వేస్తాం. అప్పటికీ కదలిక లేకపోతే, కాస్త ఎండ తగిలితే బాగుపడుతుందేమోనని తీసుకెళ్లి మిద్దె మీద పెడతాం. ఈ మూడూ ప్రేమతో చేసే పనులే. అయినా ఒక మాట చెప్పక తప్పదు. అనంతపురం, కర్నూలు, కడప ఊళ్లలో వేసవి సెలవులు ముగిసి జనం ఇళ్లకు తిరిగొచ్చాక చచ్చిపోయే మొక్కల్లో చాలావరకు బతికించుకోదగ్గవే. నీళ్లు లేని రోజులను అవి ఎలాగో ఓర్చుకుంటాయి. ఆ తర్వాత మనం కంగారులో చేసే వైద్యాన్ని ఓర్చుకోలేవు.

మొక్క వాడడం అంటే ఏమిటో తెలిస్తే మిగతా విషయమంతా తేలికవుతుంది. ఆకుల మీద, ముఖ్యంగా అడుగువైపున, కంటికి కనబడని రంధ్రాలు ఉంటాయి. మొక్క వాటి గుండా గాలి పీల్చుకుంటుంది, ఆ దారిలోనే నీటిని ఆవిరిగా వదులుతుంది. అది ఖర్చు. వేళ్ల కొసల దగ్గర ఉండే సన్నని నూగు మట్టిలోని నీటిని పీల్చి పైకి పంపుతుంది. అది రాబడి. ఖర్చు రాబడిని మించిన గంటలోనే ఆకు బిగువు తప్పి వాలిపోతుంది. కాబట్టి వాడిన మొక్కను చూసి అడగాల్సిన ప్రశ్న ‘నీళ్లు పోశామా లేదా’ అని కాదు, ‘రాబడి ఎక్కడ ఆగింది’ అని. మట్టిలో నీళ్లే లేకపోవచ్చు. నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లి ఉండవచ్చు. నీళ్లూ ఉండి, వేళ్లూ ఉండి, మట్టిలో పేరుకున్న ఉప్పు వల్ల వేరు నీటిని లాగలేకపోవచ్చు. కాలిన బండ మీద కుండీ పెట్టడం వల్ల వేళ్లు ఉడికిపోయి ఉండవచ్చు. నాలుగింటికీ పైకి కనబడే లక్షణం ఒకటే, ఆకులు వాలిపోవడం. మందు మాత్రం ఒకటి కాదు.

నీళ్లు ఎక్కువైతే మొక్క ఎందుకు వాడుతుందన్నది చాలామందికి నమ్మబుద్ధి కాదు. వేళ్లకు కూడా ఊపిరి కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉన్న గాలి నుంచి అవి ఆక్సిజన్ తీసుకుంటాయి. ఆ సందులన్నీ నీళ్లతో నిండిపోతే ఆక్సిజన్ వేరు దాకా చేరదు. గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో అది సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని వేరు నీళ్లు పీల్చడం మానేస్తుంది. తర్వాత పిథియం, ఫైటాఫ్తొరా లాంటి శిలీంధ్రం వంటి జీవులు చేరి దాన్ని కుళ్లబెడతాయి. ఊరెళ్తూ పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి వెళ్లిన ఇళ్లలో జరిగేది తరచూ ఇదే. పాపం వాళ్లు బాధ్యతగా రోజూ పోస్తారు. నీడలో ఉన్న మనీప్లాంటుకు రోజూ నీళ్లు అక్కర్లేదని ఎవరూ చెప్పి ఉండరు.

అందుకే చెంబు పక్కన పెట్టి ముందు పరీక్ష చేయాలి. అది కూడా తెల్లవారుజామున. మన ఎండకు మధ్యాహ్నం మూడింటికి ఆరోగ్యంగా ఉన్న మొక్క కూడా వాడిపోతుంది, రాత్రికి తేరుకుంటుంది. దాన్ని చూసి నీళ్లు పోస్తే తడి మీద తడి అవుతుంది. తెల్లారినా తేరుకోని మొక్కే నిజంగా కష్టంలో ఉన్నట్టు. అప్పుడు కుండీని ఎత్తి చూడండి. తేలిగ్గా ఉంటే మట్టి ఎండిపోయింది. బరువుగా ఉండి కూడా ఆకులు వాలి ఉంటే అనుమానం వేరు మీదికి పోవాలి. ఒక చీపురు పుల్ల అడుగుదాకా గుచ్చి తీస్తే తడి ఎంత లోతున ఉందో తెలుస్తుంది. పైమట్టి పొడిగా ఉండి అడుగు బురదగా ఉండడం మామూలే.

అసలు రుజువు మాత్రం మొక్కను కుండీలోంచి మట్టిగడ్డతో సహా బయటికి జార్చి చూస్తేనే దొరుకుతుంది. మొక్కకు ఏమవుతుందోనని చాలామంది భయపడతారు. జాగ్రత్తగా చేస్తే ఏమీ కాదు. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉంటుంది, వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. కుళ్లిన వేరు నల్లగా, జిగటగా ఉంటుంది. పట్టుకుని లాగితే పైపొర జారిపోయి లోపలి దారం మాత్రం చేతిలో మిగులుతుంది. మట్టి కూడా మురుగు వాసన కొడుతుంది. ఎండిపోయిన వేరు పుల్లలా పుటుక్కున విరుగుతుంది. కాండం సంగతి తెలియాలంటే గోటితో కొద్దిగా గీకి చూడాలి. బెరడు కింద పచ్చగా, తడిగా కనబడితే ప్రాణం ఉన్నట్టే. పైకొమ్మలో పచ్చదనం లేకపోతే కింద ఇంకోచోట గీకి చూడండి. తీవ్రమైన కరువులో నీళ్లు ఎక్కే నాళాల్లోకి గాలి బుడగలు చేరి అడ్డం పడతాయి. అందువల్ల నీళ్లు అందినా పైకొమ్మలు తిరిగి లేవవు, చిగురు మొదలు దగ్గర నుంచి వస్తుంది. గులాబీ, మందార, కరివేపాకు ఇలాగే తేరుకుంటాయి.

ఎండిపోయిన కుండీ అని తేలితే పైనుంచి నీళ్లు పోయడం వల్ల లాభం తక్కువ. బాగా ఎండిన మట్టిగడ్డ కుంచించుకుని కుండీ గోడకు దూరమవుతుంది. అంతగా ఎండిన మట్టి నీటిని తొందరగా పీల్చుకోదు. పోసిన చెంబెడు నీళ్లూ ఆ సందుగుండా జారి అడుగు నుంచి పోతాయి. మనం మాత్రం నీళ్లు పోశామనుకుంటాం. మట్టిగడ్డ లోపల ఒక్క చుక్క కూడా ఉండదు. కుండీని సగానికి పైగా మునిగేట్టు బకెట్ నీళ్లలో పెట్టి, పైమట్టి తడిసేదాకా, అరగంటో గంటో ఉంచాలి. తర్వాత తీసి, నీరంతా కారిపోనిచ్చి నీడలో పెట్టాలి. అంతే. ఆ తర్వాత పైమట్టి ఒక అంగుళం ఆరేవరకు మళ్లీ తడపకూడదు.

కుళ్లిందని తేలితే పని కొంచెం కష్టం. పాత మట్టి దులిపి, కుళ్లిన వేళ్లను శుభ్రమైన కత్తెరతో గట్టి భాగం వచ్చేదాకా కత్తిరించి, కొత్త పొడి మట్టిలో నాటాలి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, మొక్కకు మంచి జరగాలని పెద్ద కుండీలో పెట్టడం. వేళ్లు తక్కువ, మట్టి ఎక్కువ అయితే ఆ మట్టి వారాల తరబడి ఆరదు, మళ్లీ కుళ్లు మొదలవుతుంది. మిగిలిన వేళ్లు పట్టేంత చిన్న కుండీయే దానికి మేలు. రెండోది, నీళ్లు దిగిపోవాలని అడుగున పెంకులు, కంకర పొరగా వేయడం. ఇది మన ఇళ్లలో తరాలుగా వస్తున్న అలవాటు కాబట్టి వివరంగా చెప్పాలి. సన్నని మట్టి తన అడుగు భాగంలో కొంత ఎత్తు వరకు నీటిని బిగబట్టి ఉంచుతుంది. ఆ నీరు కింద ఉన్న పెద్ద పెద్ద రాళ్ల సందుల్లోకి సులువుగా దిగదు, రాళ్ల పైనే ఆగిపోతుంది. అంటే తడి పొర వేళ్లకు ఇంకా దగ్గరికి వచ్చిందన్నమాట. రంధ్రం మూసుకుపోకుండా ఒక పెంకుముక్కో జాలీ ముక్కో చాలు.

మట్టి విషయంలో మన నేలలు రెండూ కుండీకి కష్టమే. అనంతపురం ఎర్రమట్టి తడిసి ఆరేకొద్దీ పైన పెచ్చు కడుతుంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, నెర్రెతోపాటు సన్నవేళ్లనూ తెంపుతుంది. పొలంలో బంగారం పండించే నేల కుండీలో రాయిలా మారుతుంది. ఎర్రమట్టి ఒక వంతు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు అర వంతు, గరుకు ఇసుక అర వంతు కలిపితే సరిపోతుంది. కొబ్బరి పొట్టును కడగకుండా వాడితే అందులోని ఉప్పు కూడా కుండీలోకి వస్తుంది. శనక్కాయల పొట్టు కూడా బాగా మాగాకే కలపాలి. పచ్చి పొట్టు కుళ్లేటప్పుడు మట్టిలో ఉన్న నత్రజనిని తానే వాడేసుకుంటుంది.

ఇక రెండో సగం, ఖర్చు తగ్గించడం. కొత్త నూగు వేళ్లు రావడానికి రోజుల నుంచి వారాల దాకా పడుతుంది. అందాకా ఆకులు తక్కువ ఆవిరి వదిలేలా చూడాలి. 28 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న రోజుతో పోలిస్తే 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న రోజున గాలికి ఆకులోంచి నీటిని లాగే బలం నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. సగం వేళ్లు పోయిన మొక్కను అలాంటి గాలిలో మిద్దె మీద పెట్టడం కంటే పెద్ద హింస ఉండదు. వెలుతురు ఉండి నేరుగా ఎండ పడని చోట పెట్టాలి. ఎండిన కొమ్మలు తీసేయాలి. వేళ్లు ఎంత పోయాయో దాదాపు అంత మేర ఆకులు, కొమ్మలు తగ్గించాలి. లేత మొక్కయితే పారదర్శకమైన ప్లాస్టిక్ కవరును వదులుగా కప్పి, రోజూ కాసేపు తీసి ఉంచితే తేమ నిలుస్తుంది. కవరు కప్పిన మొక్కకు ఎండ తగిలితే ఉడికిపోతుంది, అది మరవొద్దు. ఆకుల మీద నీళ్లు చిమ్మితే తేమ కొద్ది నిమిషాలకు మించి నిలవదు. అది బోరు నీరయితే తెల్ల మచ్చలు మిగులుతాయి. దానికంటే తడిగుడ్డతో దుమ్ము తుడవడం మంచిది, ఆకుకు వెలుతురు అందుతుంది.

ఎండలు తగ్గాక కూడా మన దగ్గర నిశ్చింత లేదు. అనంతపురం పడమటి కనుమల వాననీడలో ఉంది, అంటే వాన మబ్బులను కనుమలు అడ్డుకునే వైపు. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి రుతుపవనాలు వాన కంటే గాలిని ఎక్కువగా తెస్తాయి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని నమ్ముకునే. ఎండ లేదు కదా అని బాల్కనీలో పెట్టిన మొక్కను ఆ గాలి మే నెల ఎండకు తీసిపోకుండా ఎండబెట్టేస్తుంది. తేరుకుంటున్న మొక్కకు గోడ చాటు కావాలి. కుండీ కింద ఏముందో కూడా చూడాలి. కిటికీ అంచులకు, అరుగులకు మనం వేసుకునే నల్లటి కడప బండ పగలంతా వేడిని తాగుతుంది. దాని మీద నల్ల ప్లాస్టిక్ కుండీ పెడితే లోపలి వేళ్లకు 40 డిగ్రీలు ఎప్పుడో దాటిపోతుంది. రెండు ఇటుక ముక్కల మీద కుండీని ఎత్తి పెట్టండి, కింద గాలి ఆడుతుంది. మట్టి కుండీ అయితే ఇంకా మంచిది, గోడలోంచి తేమ ఆరుతూ తనను తాను చల్లబరుచుకుంటుంది.

ఇంతవరకు చెప్పినదంతా ఏ ఊరివాళ్లకైనా పనికొస్తుంది. మన ప్రాంతంలో మొక్కలను నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా దెబ్బతీసేది మాత్రం నీరే. అనంతపురం జిల్లా సగటు వానపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. వందల అడుగుల లోతు నుంచి లాగే బోరు నీళ్లలో సున్నం, ఇతర లవణాలు ఎక్కువ. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా సరిపెట్టుకోవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. మీ బోరు నీరు 1,000 ఉందనుకోండి. అంటే లీటరుకు ఒక గ్రాము. కుండీకి రోజూ అరలీటరు చొప్పున, అడుగు నుంచి బయటికి కారకుండా పోస్తూపోతే 100 రోజుల్లో 50 గ్రాముల లవణం ఆ కుండీలోకి చేరుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఎక్కడికీ పోదు. కుండీ అంచున, మట్టి పైన తెల్లగా పేరుకునేది అదే. చౌడు నేలలో పంట ఎందుకు రాదో ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కుండీలో జరిగేదీ అదే చౌడు. ఉప్పున్న మట్టిలోంచి వేరు నీటిని లాగలేదు. కాబట్టి మట్టి తడిగా ఉన్నా మొక్కకు అది కరువే. ముందుగా ఆకుల కొసలు, అంచులు మాడుతాయి.

దీనికి మందు కడగడమే. కుండీ పరిమాణానికి రెండు మూడింతల మంచి నీరు పైనుంచి నెమ్మదిగా పోసి అడుగు నుంచి పూర్తిగా కారిపోనివ్వాలి. ఐదు లీటర్ల కుండీకి పది పదిహేను లీటర్లు అంటే మన ఊళ్లలో మాటలు కాదు, ఆ బాధ నాకూ తెలుసు. అందుకే వానకు వదిలిపెట్టడం అన్నిటికన్నా మంచి దారి. అనంతపురంలో ఎక్కువ వాన కురిసేది సెప్టెంబరులో, కడపకు అక్టోబరు వానలు కూడా తోడవుతాయి. మబ్బు పట్టిన రోజు కుండీలను వానలో పెట్టి, ఎండ రాకముందే లోపలికి తెచ్చుకోండి. మామూలు రోజుల్లో నీళ్లు పోసినప్పుడల్లా కొంచెం అడుగు నుంచి కారేలా పోసి, ప్లేటులో నిలిచినదాన్ని పారబోయండి. రోజూ చుక్క చుక్కగా తడిపే అలవాటు ఉప్పును పేర్చడానికే పనికొస్తుంది.

ఏ నీళ్లు వాడాలన్నదీ తేల్చుకోవాలి. కర్నూలులో తుంగభద్ర నీరు, అనంతపురంలో పెన్నహోబిలం జలాశయం నుంచి వచ్చే కుళాయి నీరు సాధారణంగా బోరు నీటి కంటే మేలు. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు, బకెట్ పెట్టి పట్టుకోండి. ఆర్‌ఓ యంత్రం వదిలే వ్యర్థ నీరు మాత్రం కుండీలకు వద్దు. శుద్ధి చేసిన నీటిలోంచి తీసేసిన లవణమంతా అందులోనే ఉంటుంది. కూలర్ ట్యాంకులో మిగిలిన నీరు కూడా అంతే, రోజంతా ఆవిరై చిక్కబడి ఉంటుంది. వాటర్ సాఫ్ట్‌నర్ నీళ్లలో సున్నం పోయి సోడియం చేరుతుంది, మొక్కకు అది ఇంకా హాని.

ఫ్లోరైడ్ గురించి విడిగా చెప్పాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టే అనంతపురం పల్లెలకు 1990లలో సత్యసాయి తాగునీటి పథకం కావాల్సి వచ్చిందని ఇక్కడివాళ్లకు తెలుసు. ఫ్లోరైడ్ నీరు మనుషుల ఎముకలనే కాదు, కొన్ని ఇంటి మొక్కలనూ బాధిస్తుంది. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా, లక్కీ బాంబూ దీనికి బాగా లొంగిపోతాయి. నీటితోపాటు ఫ్లోరైడ్ ఆకు కొసదాకా ప్రయాణించి అక్కడే పోగవుతుంది, కొస గోధుమరంగులోకి మాడిపోతుంది. నీటిని కాచినా, రాత్రంతా బకెట్లో ఉంచినా ఫ్లోరైడ్ పోదు. ఉంచితే పోయేది క్లోరిన్. ఈ మొక్కలకు వాన నీరో ఏసీ నీరో పోయండి, సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వేయకండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

సున్నపు నీటితో వచ్చే ఇంకో చిక్కు, కొత్త ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగలడం. మందారలో, గులాబీలో తరచూ కనబడుతుంది. నత్రజని లోపమైతే ముదురు ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఇది లేత ఆకుల్లో మొదలవుతుంది, అంటే ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉంటుంది, సున్నం దాన్ని వేరుకు అందకుండా కట్టిపడేస్తుంది. సున్నపు నేలల్లో వేరుశనగ పసుపెక్కితే రైతులు కొట్టే మందే దీనికీ మందు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వెంటనే, సాయంత్రంపూట ఆకుల మీద పిచికారీ చేయాలి, వారం ఆగి ఇంకోసారి. పూర్తిగా వాడిపోయి ఉన్న మొక్క మీద మాత్రం ఏదీ కొట్టొద్దు. తేరుకున్నాకే.

ఎరువుకూ ఇదే మాట. కొత్త చిగురు కనబడేదాకా ఏ ఎరువూ వద్దు. పనిచేసే వేళ్లు లేని మొక్కకు ఎరువంటే ఇంకొంచెం ఉప్పు. వేరుశనగ చెక్క మంచి బలం ఉన్న ఎరువు, కానీ తడి కుండీలో అది పులిసి వేడెక్కి, బలహీనమైన వేళ్లను దెబ్బతీస్తుంది. కోడిగుడ్డు పెంకులు మన దగ్గర అనవసరం, పోసే నీళ్లలోనే కాల్షియం కావలసినంత ఉంది. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కూడా ఉప్పే. బియ్యం కడిగిన నీళ్లు ఆరోగ్యంగా ఉన్న మొక్కకు అప్పుడప్పుడు పోయవచ్చు, కుళ్లు పట్టిన కుండీకి వద్దు. మొక్క కొత్త ఆకు వేశాక, చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. బాగుపడిందా లేదా అన్నది కూడా ఆ కొత్త ఆకును బట్టే తేల్చాలి. మాడిన పాత ఆకు మళ్లీ పచ్చబడదు. దాన్ని చూస్తూ దిగులుపడి మందు మీద మందు వేయడం వల్ల మొక్కలు పోతుంటాయి.

బలహీనపడిన మొక్కకు పురుగు కూడా తొందరగా పడుతుంది. పొడి వేడిలో ఆకు అడుగున సన్నని గూడు కట్టి నల్లి చేరుతుంది, కణుపుల్లో దూదిలా పిండినల్లి చేరుతుంది. నల్లి పడితే ముందుగా ఆకు అడుగును నీళ్లతో గట్టిగా కడగడమే సగం మందు. మొక్క కాస్త లేచాక లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీరు కలిపి సాయంత్రం కొట్టవచ్చు.

చివరిగా, ఏ మొక్క మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చన్నది. మనీప్లాంటు తీగలో ఒక్క పచ్చి కణుపు మిగిలినా చాలు, దాన్ని కత్తిరించి నీళ్లలో పెడితే వేరు వస్తుంది. స్నేక్ ప్లాంటు, జీజీ ప్లాంటు ఆకులన్నీ పోయినా మట్టిలోని దుంప గట్టిగా ఉంటే తిరిగి మొలుస్తాయి, నెలలు పట్టవచ్చు. కలబంద వేళ్లన్నీ పోయినా మొదలు గట్టిగా ఉంటే నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి నాటితే పట్టుకుంటుంది. అరెకా పామ్ విషయంలో మాత్రం జాగ్రత్త. తాటికి, ఈతకు లాగే దాని ప్రతి కాండానికీ మొవ్వు, అంటే కొత్త ఆకు వచ్చే తల చిగురు, ఒక్కటే. మొవ్వు కుళ్లి చేతికి ఊడొస్తే ఆ కాండం ఇక లేవదు, పక్క పిలకలను కాపాడుకోవాలి. గుబురుగా వస్తుందని పామ్ తల కత్తిరించేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

తులసి ఎండితే ఇంట్లో అందరికీ మనసు కలుక్కుమంటుంది. అది కొన్నేళ్లే బతికే చిన్న పొద. మంజరులు (పూల కంకులు) తుంచకుండా వదిలేస్తే గింజ కట్టి ఇంకా తొందరగా ముసలిదవుతుంది. మొదలు దాకా గీకినా పచ్చదనం కనబడకపోతే దాన్ని ఇక తిప్పలు పెట్టొద్దు. ఎండిన మంజరులను అరచేతిలో నలిపితే సన్న గింజలు రాలతాయి. కుండీలోని చౌడెక్కిన మట్టిని తీసేసి, కొత్త మట్టి నింపి, తొలకరికి గింజలు పైపైన చల్లి చేత్తో అదమండి, మట్టి కప్పొద్దు. మొలక వచ్చేదాకా పైన తడి ఆరకుండా చూస్తే చాలు, వారం రెండు వారాల్లో నారు కనబడుతుంది.